చుయ్, వుర్

రంజాను నెలలో సాయంత్రపు అసర్ నమాజు తర్వాత, ఈ అరబ్బు దేశంలో మేముండే మలాజ్ పేటలోని ఈ మెట్ల మీద అలసందల పిండి నూనెలో వేగే వాసన వస్తుంది. మూడో అంతస్తులో ఉండే జైనబ్ ఇంటి నుంచి వచ్చే వాసన అది. అమ్మ పోయి నాలుగు నెలలైంది. ఈ ఏడు ఆ వాసన దగ్గర ఒక్క నిమిషం ఆగకుండా పైకి ఎక్కలేకపోతున్నాను.

జైనబ్ వాళ్లమ్మను మేము హజ్జా అనేవాళ్లం. వాళ్లది నైజీరియా, ఇంట్లో హౌసా మాట్లాడేవాళ్లు. మాది ప్రొద్దుటూరు. నాన్న ఏసీలు బాగుచేసేవాడు. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఇక్కడికి రెండు వీధుల అవతల ఒక పాత భవనంలో పక్కపక్క వాటాల్లో ఉండేవాళ్లం. రెండు వంటగదుల కిటికీలూ ఒకే గాలిసందులోకి తెరుచుకునేవి. ఆ సందులోంచి ఎండాకాలం వేడిగాలీ, చలికాలం ఎవరో ఒకరి దగ్గూ, రంజానులో అందరి వంటల వాసనలూ వచ్చేవి. అమ్మ చేసే అలసందల వడే హజ్జా ఇంట్లో కొసయ్. ఒకటే పప్పు, ఒకటే ఉల్లిపాయ, ఒకటే పచ్చిమిరప. తేడా అంతా తొక్క దగ్గరే వచ్చేది. హజ్జా నానిన అలసందలను నీళ్లలో పిసికి పిసికి తెల్లగా అయ్యేదాకా తొక్క తీసేది. అమ్మ సగం వదిలేసేది.

"సోమరి," అనేది హజ్జా, తనకొచ్చిన నాలుగు తెలుగు మాటల్లో ఒకటి వాడుకుని.

"నీ వడకు రుసే ల్యాకపాయ, పోవే," అనేది అమ్మ.

హౌసాలో రంగు చెప్పాక ఊరుకోరు. వెంటనే ఇంకో చిన్న మాట తగిలిస్తారు. తెలుపు ఫరి, మరీ తెలుపైతే ఫరి ఫత్. నలుపు బకి, కటిక నలుపైతే బకి కిరిన్. ఎరుపు జా, బాగా ఎరుపైతే జా వుర్. ఆ రెండో మాటను విడదీసి అర్థం చెప్పమంటే హజ్జా నవ్వి, బాణలిలోకి వేలు చూపించేది. మన సలసల, కరకర లాంటివే అవి. కాకపోతే మనవి చాలావరకు చెవికి, అవి కంటికి.

ఆ ఏడాది అమ్మకు ఆ మాటలు ఆటగా కాక, అవసరంగా వచ్చాయి. షుగర్ వల్ల చిన్న వయసులోనే రెండు కళ్లకూ పొర కమ్మింది. నూనె కాగిందో లేదో ఆమె చెవితో తెలుసుకునేది. చిటికెడు పిండి వేస్తే చుయ్‌మనాలని హజ్జాకూ చెప్పేది. కానీ వడ ఎర్రబడిందో మాడిందో చెవికి తెలియదు. హజ్జా పక్కన నిలబడి, సమయానికి "వుర్!" అనేది. అమ్మ వెంటనే దించేది. హజ్జా లేనప్పుడు ఆ మాట నేను అనేదాన్ని. ఈ సంగతి నాన్నకు చెప్పకూడదని అమ్మ నాతో ఒట్టు వేయించుకుంది. కింది వాటాలో ఉండే ఆయన, భార్యకు మోకాళ్ల నొప్పులని దేశం విడిచి వెళ్లే ఎగ్జిట్ ముద్ర కొట్టించి ఆమెనూ పిల్లలనూ కడపకు పంపేశాడు. మమ్మల్నీ నాన్న అలాగే పంపేస్తాడేమోనని అమ్మ భయం. బడిలో కూర్చున్నా నాకూ అదే భయం.

రంజాను మధ్యలో హజ్జా ఉమ్రాకు మక్కా వెళ్లింది. ఆ రోజే నాన్న పని నుంచి త్వరగా వచ్చి, వంటగది గడప దగ్గర కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు. అమ్మ వడలు వేసింది. ఆయన ఎదుట నేనెలా చెప్పను? నూనె చప్పుడు సన్నబడింది. అమ్మ చిల్లుల గరిటె పట్టుకుని అటూ ఇటూ తల తిప్పింది. తర్వాత అలవాటు కొద్దీ, ఎవరినని లేకుండా, "వుర్?" అంది.

"వుర్. దించింక," అన్నాడు నాన్న, బూటు తాడు వదలకుండానే.

అమ్మ దించలేదు. నేనే వెళ్లి పొయ్యి ఆపాను.

"బాత్రూములో ఉంటే ఆ సందులోంచి నాలుగు నెల్లుగా ఇంటానే ఉండా. నాకు తెల్దనుకుంటివా?"

"పంపిచ్చేస్తావని..."

"పంపిచ్చి? హజ్జాతో చేయిచ్చుకుని తినల్లా? ఆయమ్మ తొక్కంతా తీసేస్తాది."

అమ్మ నవ్వబోయి ఏడ్చింది. ఆ పూట వడలు కొంచెం మాడాయి. ముగ్గురం అవే తిని ఉపవాసం విడిచాం. పండగ తర్వాత ఒక కంటికి, మరో నెలకు రెండో కంటికి ఆపరేషన్ జరిగింది. చూపు వచ్చాక కూడా హజ్జా పక్కన నిలబడి "వుర్" అనడం మానలేదు, అమ్మ ఆగి వినడమూ మానలేదు. తెలిసీ నాన్న నాలుగు నెలలు ఎందుకు ఊరుకున్నాడో నేను అడగలేదు. ఇప్పుడు చెప్పడానికి ఆయన లేడు.

హజ్జా కూడా లేదు. ఆ భవనం పడగొట్టి కార్లు నిలుపుకునే స్థలం చేశారు. మా ఇంట్లో ఎయిర్ ఫ్రయర్ ఉంది. అందులో ఏదీ చప్పుడు చేయదు, అయిపోయాక గంట మాత్రం కొడుతుంది.

నిన్న జైనబ్ లోపలికి పిలిచింది. పొయ్యి దగ్గర ఆమె ఎనిమిదేళ్ల కూతురు పిండిగిన్నె పట్టుకుని తొందరపడుతోంది. జైనబ్ దాని చేయి పట్టి ఆపి, చిటికెడు పిండి నూనెలో వేసి, హౌసాలో ఏదో చెప్పింది. ఆ వాక్యంలో నాకు ఒక్క మాటే అర్థమైంది.

"చుయ్," అంది పిల్ల, తల్లి వెనకే.

ఆ మాట ఎక్కడిదని జైనబ్‌ను అడిగాను. "మా అమ్మ మాట," అంది.

నేను అవునన్నాను.