గదిలో రెండో మనిషి

నేను రాసిన పరీక్షను యూనివర్సిటీ వాళ్ళు రద్దు చేశారు. గదిలో ఇంకొక మనిషిని దాచిపెట్టుకుని, అతన్ని అడిగి అడిగి జవాబులు రాశానట. గదిలో ఇంకొక మనిషి లేడు. పిల్లి కూడా లేదు.

ఆ పరీక్ష డిజిటల్ ఫోరెన్సిక్స్‌ది. కంప్యూటర్లతోనూ ఫోన్లతోనూ జరిగే నేరాలకు ఆనవాళ్ళు వెతకడం, దొరికిన ఆనవాలు చెడిపోకుండా తీయడం, కోర్టులో నిలబడేటట్టు చూపించడం, ఇదీ ఆ చదువు. దొంగను పట్టడం నేర్పిస్తామని పిలిచి నన్నే దొంగను చేశారు.

ఈ వయసులో నీకు ఇదేం చదువని అడగనివాళ్ళు తిరుత్తణిలో మా వీధిలో ఎవరూ మిగల్లేదు. అడిగిన అందరికీ ఒకటే చెప్పాను. ఎవడో నా ఫోటో పెట్టి, నా పేరుతో ఒక ఖాతా తెరిచి, మా నేతవాళ్ళ వాట్సాప్ గ్రూపులో సంఘం పెద్దల మీద నానా మాటలూ రాశాడు. నేను రాయలేదని మొత్తుకుంటే పెద్దలు నవ్వి, "పోనీలేబ్బా, ఎవురు రాసినారో కనిపెట్టేకి అయితాదా?" అన్నారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. నేనే రాశానని వాళ్ళ మనసులో ఉంది. కనిపెట్టలేము అనే మాటను నమ్మే రకం కాదు నేను. చిన్నప్పుడే బడి మాన్పించి మగ్గం గుంటలోకి దించారు. ఆ తర్వాత చదివిందంతా నా అంతట నేను చదివిందే, నేస్తూనే ప్రైవేటుగా కట్టి పాసైందే. ఆ పాసులు ఈ సర్టిఫికెట్ కోర్సుకు సరిపోయాయి. చేరాను.

ఆదివారాలు తిరువళ్ళూరు సెంటర్లో క్లాసులు. పొద్దున్నే ఎలక్ట్రిక్ రైలెక్కి పోయేవాణ్ణి. క్లాసులో అందరూ మనవల ఈడు వాళ్ళు. పాఠం చెప్పే మేడం ఆరణి పక్క ఊరి మనిషి. క్లాసులో అరవం, ఇంగ్లీషు. మాది తెలుగు నేతవాళ్ళ ఇల్లని తెలిశాక నాతో మాత్రం తెలుగే.

ఆమె చెప్పిన మొదటి పాఠం నాకు కొత్తగా అనిపించలేదు. కంటికి కనబడిందాన్ని నమ్మకూడదు. దొరికిన ఫోన్‌ను ఆత్రంగా తెరిచి చూడకూడదు, తెరిస్తే అందులోని గుర్తులు మారిపోతాయి. ముందు ఉన్నదున్నట్టు నకలు తీసుకోవాలి, నకలు మీదే పనిచేయాలి. అసలూ నకలూ ఒకటేనని చూపడానికి హ్యాష్ అని ఒక లెక్క ఉంది. ఫైలుకు వేలిముద్ర లాంటిది. లోపల ఒక్క అక్షరం మారినా ఆ ముద్ర మారిపోతుంది. ఇక ఆ వస్తువు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో ప్రతిసారీ రాసి ఉంచాలి. రాయకపోతే కోర్టు దాన్ని పక్కన పడేస్తుంది.

ఇది నాకు తలకెక్కింది. ఇంట్లో వచ్చే ప్రతి ఫోటోకూ వెనక దాగిన తేదీ చూడటం మొదలుపెట్టాను. మా బామ్మర్ది పనికి ఎగనామం పెట్టి, కాళహస్తిలో ఉన్నానని ఒక ఫోటో పంపితే, అది పోయిన ఏడాదిదని అందరి ముందూ తేల్చాను. అప్పటి నుంచి వాడికి నేనంటే మంట.

పరీక్ష ఇంట్లోనే కూర్చుని రాయాలి. కూతురి ల్యాప్‌టాప్ తెచ్చుకున్నాను. రాసేవాడి ముఖాన్ని కెమెరా చూస్తుంది, మైకు వింటుంది, ఒక సాఫ్ట్‌వేర్ కాపలా కాస్తుంది. మొదలుపెట్టే ముందు ల్యాప్‌టాప్‌ను చుట్టూ తిప్పి నాలుగు గోడలూ మంచం కిందా చూపించమంది. చూపించాను. నా ఆడమనిషిని అంతకుముందే వాళ్ళ అక్క ఇంటికి పంపించి గడియ పెట్టాను. బాగా రాశాను. తప్పు పోయిందనుకున్న ప్రశ్న ఒకటీ అరా తప్ప లేదు.

ఫలితాల్లో నా నంబరు ఎదురుగా మార్కులు లేవు. మాల్‌ప్రాక్టీస్ అని ఉంది.

యూనివర్సిటీకి ఫోన్ చేశాను. ఎత్తినాయన అరవంలో మర్యాదగానే మాట్లాడాడు.

"సార్, సాఫ్ట్‌వేర్ పట్టింది. మీ పెదవులు ఆడుతూనే ఉన్నాయి. మాట కూడా వినబడింది."

"ఏం మాట?"

"మాకు తెలియని భాష సార్. ఎవరినో అడిగినట్టు ఉంది. అడుగుతారు, ఆగుతారు, తర్వాత జవాబు నొక్కుతారు. మొదటి నుంచీ అంతే."

"నాకు జవాబు చెప్పిన గొంతు వినబడిందా?"

"వాళ్ళు మీ చెవిలో చెప్పి ఉండొచ్చు కదా సార్. చిన్న మిషన్లు వచ్చాయి ఇప్పుడు."

"నా చెవిలో ఉండేది వెంట్రుకలయ్యా!"

"అప్పీలు చేసుకోండి సార్," అని పెట్టేశాడు.

నేను నోరు తెరవనే లేదు. ప్రమాణంగా అదే నమ్మాను. మరి ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది? వేరేవాడి రికార్డింగును నా నంబరుకు కలిపారా? గోడ అవతల ఎవరైనా నిలబడి మాట్లాడారా? మా బామ్మర్ది మీదికి పోయింది నా బుద్ధి. టీ అంగడి దగ్గర వాణ్ణి నిలదీశాను.

"ఆ పొద్దు నువ్వు మా ఇంటి కిటికీ పక్క వచ్చినావా?"

"ఏం బావా, కాపీ కొట్టి దొరికినావంటనే!" అన్నాడు వాడు టీ గ్లాసు దించకుండానే. "ఊరోళ్ళ ఫోటోలు యా పొద్దు తీసినారో చెప్తావు. నీ నోరు యా పొద్దు తెరిచినావో నీకు తెలీలేదా?"

"వచ్చినావా లేదా?"

"నేను మింజూరు పక్క పెయింట్ పనిలో ఉండాను. అనుమానమైతే ఇందా, ఫోన్ ఎత్తుకో. టవర్ యాడ చూపిస్తాదో చూసి, కోర్టుకి పెట్టు."

అంగడిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. వాళ్ళలో సంఘం పెద్ద ఒకాయన కూడా ఉన్నాడు. గ్రూపులో ఆ రాతలు రాసింది కూడా నేనే అన్నట్టు తల ఊపుతూ నవ్వాడు. పాసైతే ఏమి, కాకపోతే ఏమి. ఆ గదిలో నేను ఒక్కణ్ణే ఉన్నానని యూనివర్సిటీ వాళ్ళే తమ నోటితో చెప్పాలి. నాకు కావలసింది అంతే.

అందరినీ అనుమానించాక మిగిలింది నేనే కదా. ఫోన్‌ను నీళ్ళ చెంబుకు ఆనించి వీడియో పెట్టి, ఒక పాత ప్రశ్నపత్రం తీసుకుని పరీక్షలో కూర్చున్నట్టే కూర్చున్నాను. తర్వాత చూసుకున్నాను.

పెదవులు ఆడుతున్నాయి. గొంతు వస్తోంది. నా గొంతే. ప్రశ్న ఇంగ్లీషులో ఉంటే వీడియోలోని ఆ ముసలివాడు తెలుగులో అడుగుతున్నాడు. "ఇదేందబ్బా... చెరిపేసినాక అది యాడికి పోతాది? రెండోదా? కాదు కాదు. మూడోదే గదా? ఆ... మూడోదే."

నా ఆడమనిషి వెనక నిలబడి చూస్తోంది. "ఇందులో ఏముండాది వింత? నువ్వు గోడ మీది పోస్టర్ కూడా నోటితోనే గదా చదివేది."

"ఇన్నేండ్లూ నాకు చెప్పొద్దా?"

"నీకు తెలీదని నాకేం తెలుసు? పెండ్లైన కొత్తలో నేనూ లోపల ఎవురో ఉండారనుకున్నా. వాకిలి తీసి చూసినా కూడా."

అప్పుడు తెలిసింది నాకు, ఇది ఎక్కడిదో. నా చిన్నప్పుడు మగ్గాల కొట్టంలో నేసేవాళ్ళకు చేతులూ కాళ్ళూ రెండూ పనిలో ఉండేవి. పేపరు పట్టుకోవడానికి ఎవరికీ కుదరదు. అక్షరం వచ్చినవాణ్ణి మధ్యలో కూర్చోబెట్టి చదివించుకునేవాళ్ళు. నన్ను బడి మాన్పించారు గానీ ఆ చోటు నాకిచ్చారు. వచ్చేది అరవ పేపరు, వినేది తెలుగువాళ్ళు. కంటితో అరవం చదివి నోటితో తెలుగు చెప్పాలి. అదీ మగ్గం దెబ్బకూ దెబ్బకూ మధ్య సందులో. అర్థం కాని చోట వాళ్ళు అడుగుతారు, నేను నన్నే అడుక్కుని, తేల్చుకుని, చెప్పాలి. నేను చదవడం నేర్చింది అట్లా. నోరు మూసుకుని చదవొచ్చని మాకెవరూ చెప్పలేదు. ఇప్పటికీ మా వీధిలో నా ఈడు వాళ్ళు లైబ్రరీకి పోతే ఆ గది తేనెతుట్టె మాదిరి మోగుతుంది.

ఆ వీడియో తీసుకుని తిరువళ్ళూరు పోయి మేడంకు చూపించాను. ఆమె కొంచెంసేపు చూసి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

"మా నాయన కూడా ఇట్లే చదువుతాడయ్యా. ఆయనతో బస్సులో పోవాలంటే సిగ్గు నాకు."

"అమ్మా, వాళ్ళ దగ్గర ఉండే రికార్డింగును తెలుగు తెలిసినోళ్ళు ఒక్కరు వింటే చాలు. నేను నన్నే అడుక్కున్నానని తెలిసిపోతాది. అదే రాస్తా."

ఆమె తల అడ్డంగా ఊపింది. "అది చేయరయ్యా. తెలుగు వచ్చినోళ్ళను వెతికి, కూర్చోబెట్టి, మొత్తం వినిపించి... ఎవురు పడతారు ఆ పాట్లు? హ్యాష్ అడగండి. రికార్డింగు తీసినప్పుడు హ్యాష్ వేసినారా, ఎవురి చేతికి ఎవురిచ్చినారో రాసినారా అని అడగండి. వాళ్ళు పాఠంలో చెప్తారే గానీ చేసుండరు. భయపడతారు."

"వాళ్ళు భయపడేది నాకెందుకమ్మా? వినేది కావాల."

"రెండూ రాయండయ్యా. రెండోది లేకపోతే మొదటిదాన్ని ఎవురూ చదవరు."

నాకు మనసొప్పలేదు. అయినా ఆమె లోకం చూసిన మనిషి. రెండూ రాశాను. మొదట, ఆ రికార్డింగును తెలుగు తెలిసినవారు పూర్తిగా విని, అందులో నా గొంతు తప్ప ఇంకొక గొంతు ఉందో లేదో చెప్పండి అని. రెండోది, దాని హ్యాష్ ఎంత, అది ఏ చేతులు మారింది అని. మా కొట్టం సంగతి కూడా రాశాను, మగ్గం చప్పుడుతో సహా. మేడం ఆ భాగం తీసేయమంది. తీయలేదు.

చాలా రోజులు ఉలుకూ పలుకూ లేదు. రోజూ మెయిలు తెరిచి చూసేవాణ్ణి. నేను తెరిచి చదువుతుంటే నా ఆడమనిషి వంటింట్లో నుంచే, "ఇంకా రాలేదు గదా," అనేది. నా నోరే చెప్పేస్తోంది కాబోలు అన్నీ.

చివరికి వచ్చింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఒక్క మాట విడవకుండా తెలుగులో పెడుతున్నాను:

"మీ అప్పీలును పరిశీలించడమైనది. పరీక్ష రికార్డింగును సర్వర్ నుంచి తీసిన సమయంలో హ్యాష్ విలువ నమోదు చేయలేదు. అది ఎవరెవరి వద్దకు వెళ్ళిందో తెలిపే వివరాలు కూడా లేవు. కాబట్టి సదరు రికార్డింగును సాక్ష్యంగా పరిగణించడం లేదు. మీపై తీసుకున్న చర్యను ఉపసంహరించి, మిమ్మల్ని ఉత్తీర్ణులుగా ప్రకటిస్తున్నాము. రికార్డింగు సాక్ష్యం కానందున, దాన్ని తెలుగు తెలిసినవారికి వినిపించవలసిన అవసరం కలగలేదు. నిబంధనల ప్రకారం దాన్ని తొలగించడమైనది. పరీక్ష జరిగిన సమయంలో గదిలో మీరు ఒక్కరే ఉన్నారని ఈ జవాబు ధ్రువీకరించదు."