నేవీ పోలీసు పక్క కుర్చీ

ఈ మధ్యాహ్నం కొత్తపేటలో, నేవీలో చేసి రిటైరైనవాళ్ల భోజనాలకు వెళ్లాను. నేవీలో నాది పోలీసు డ్యూటీ. విశాఖలో ఓడ దిగిన సెయిలర్లు తాగి గొడవపడితే పట్టుకెళ్లి ఓడెక్కించేవాడిని. అప్పట్లో నా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు.

గుమ్మంలో అడుగు పెట్టగానే, ఒకప్పటి సెయిలరు సత్తిబాబు అరిచాడు.

“పోలీసుగారొచ్చేరండోయ్! గ్లాసులు దాచెయ్యండి!”

అందరూ నవ్వారు. నేనూ నవ్వి బల్ల చివర కూర్చున్నాను. పక్క కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది.

చివరికి ఆ సత్తిబాబే తాగి తూలిపోయాడు. ఎవరూ లేవలేదు.

“మీకలవాటే కదండీ, కాస్త ఇంటి దగ్గర దింపేద్దురూ,” అన్నారు నాతో.

“ఆయ్,” అన్నాను.

ఆటోలో నా భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు. ఈ రోజంతా నా పక్కన కూర్చున్నది అతనొక్కడే. వచ్చే ఏడు పిలిస్తే వెళ్లమంటారా?