మల్లయ్య కాక విన్న చప్పుడు

ఈ బరువును ఏళ్లుగా మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీరు నాకు ఏమీ కారు, అందుకే మీకు చెబుతున్నాను. దొంగ అంటారా? అనండి. ఆ మాటకు నేను జంకను.

తాండూరులో మా నాన్నకు సైకిల్ షాపు ఉండేది. పంక్చర్లు వేస్తూ పెరిగినదాన్ని. పాతకాలపు రేసింగ్ సైకిల్ ఒకటి విడి సామాన్లు ఏరుకొచ్చి నా చేతులతోనే కట్టుకోవాలని పిచ్చి పట్టింది. ఆడపిల్లకు ఇదేం పిచ్చని చుట్టాలు మూతులు తిప్పుకున్నారు. తిప్పుకోనీ, నాకేం? ఫ్రేము వికారాబాద్‌లో పాత ఇనుప సామాన్ల కొట్టులో దొరికింది. వంపు హ్యాండిల్ ఒకచోట, బ్రేకులు ఇంకోచోట దొరికాయి. ఇక మిగిలింది వెనక చక్రానికి బిగించే గేర్లే.

అచ్చం ఆ కాలపు గేర్లు ధారూర్‌లో ఒక సైకిల్‌కు ఉన్నాయి. అది గొర్లు కాసుకునే మల్లయ్య కాకది. కాదు, ఆయన ఒక్కగానొక్క కొడుకు శీనుది. శీను పచ్చకామెర్లతో పోయాడు. సందు మొదట్లోనే తొక్కడం ఆపేసి, వెనక చక్రం గేర్లు టకటకలాడుతుండగా ఇంటికి వచ్చేవాడట. ఆ సైకిల్‌ను కాక గోడకు వేలాడదీసుకున్నాడు. సాయంత్రం గొర్లను దొడ్లోకి తోలాక వెనక చక్రం తిప్పి వదిలి, అది ఆగేదాకా వింటూ కూర్చునేవాడు.

అమ్మమని అడిగాను. అమ్మనన్నాడు. తుప్పు పట్టకుండా అప్పుడప్పుడు వచ్చి నూనె వేసి పొమ్మని మాత్రం బతిమాలాడు.

ఒకరోజు ఆయన గొర్ల వెంట పోయాక ఆ గేర్లు విప్పుకున్నాను. వాటి బదులు కొత్తవి బిగించాను. ఆ కొత్తవే నా సైకిల్‌కు వేసుకోవచ్చు కదా? వేసుకోవచ్చు, నడిచేది కూడా. నాకు పాతవే కావాలి, అంతే. వాడని సైకిల్‌కు మంచి సామాను ఎందుకని అప్పుడు అనుకున్నాను, ఇప్పుడూ అదే అంటాను.

వెంటనే పోతే అనుమానం వస్తుందని, నూనె వేయడానికి వచ్చినట్టు సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను. కాక వచ్చి చక్రం తిప్పాడు. చేత్తో ఆపాడు. మళ్లీ తిప్పాడు.

"గిది మా శీనుగాని చప్పుడు గాదు బిడ్డా," అన్నాడు.

"గదే కాక. నీకే చెవులు మందగించినయి," అన్నాను.

ఆయన చక్రం మీద నుంచి చెయ్యి తీశాడు. "గట్లనా? నాకే యాదికి లేనట్టుంది తియ్యి," అని, నాకు చాయ్ పెట్టడానికి లేచాడు.

ఆ చాయ్ తాగాను. తాగి వచ్చాను.

ఆ తర్వాత ఆయన చక్రం తిప్పడం మానేశాడు. కొడుకు చప్పుడే మరిచిపోయిన తండ్రిని, నేనేం తండ్రినని కనబడిన ప్రతివాడితోనూ అనేవాడట. అది నా చెవినా పడింది. కాక ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు. ఎప్పుడైనా పోయి ఆ గేర్లు తిరిగి బిగించి రావచ్చు, అరగంట పని. ఎందుకు పోలేదు? భయమా? కాదు. పోతే నా సైకిల్‌కు ఆ పాత గేర్లు ఉండవని పోలేదు.

ఇప్పటికీ దాని మీదే అనంతగిరి ఘాట్ దిగుతాను. గేర్లు తీసుకున్నందుకు నేను ఏడవను. మీరు ఏడవమన్నా ఏడవను. కానీ ముసలాయన విన్నది నిజమని తెలిసీ, తన చెవులనే తాను నమ్మకుండా చేశానే, ఏళ్లుగా మోస్తున్నది అదే. క్షమించమని అడగడానికి కాక లేడు. మీరు క్షమించడం నాకు అక్కర్లేదు.

కాక కొడుకు చప్పుడును మరిచిపోలేదు. అబద్ధం ఆడింది నేను. ఇన్నేళ్లకు ఈ మాట బయటికి అన్నాను, కాస్త ఊపిరి ఆడుతోంది.