సుందరరావు గారి ఆదివారం

మా సుందరరావు మాష్టారికి కార్మికుల విశ్రాంతి అంటే ప్రాణం. దానికోసం ముప్పై ఏళ్లు తనకూ విశ్రాంతి లేకుండా, ఇంట్లోవాళ్లకూ లేకుండా చేశారు.

నరసరావుపేటలో ఒక కాలేజీలో లేబర్ లా చెప్పేవారు. నేను ఆయన దగ్గరే చదువుకుని గురజాల కోర్టులో నల్లకోటు తొడుక్కున్నాను. వారపు సెలవు మీద ఆయన రాసిన పుస్తకం చూసి ఢిల్లీ కమిటీల వాళ్లు పిలిపించుకునేవారు. ఆ సెలవు ఇంటి పనివాళ్లకు వర్తించదన్న పాఠం వస్తే మాత్రం డస్టర్ బల్లకేసి కొట్టేవారు. "గడప బయట చట్టం, లోపల దొరతనం! సిగ్గులేదూ మనకి?" సుద్దపొడి మా మొహాన పడేది. మాకు నిజంగానే సిగ్గేసేది.

రిటైరయ్యాక ఆదివారాలు తన వరండాలో ఉచిత సలహాలు మొదలుపెట్టారు. కూలీలకు ఖాళీ దొరికేది ఆ ఒక్కరోజే. సత్తెనపల్లి నుంచి, నకరికల్లు నుంచి పొద్దున్నే బస్సు దిగేవాళ్లు. ఎమ్మెల్యే బావమరిదైనా సరే, బెంచీ మీద వరుసలో కూర్చోవాల్సిందే. అందరికీ టీ ఇవ్వాల్సిందే. ఆ టీ పెట్టేది ఇంట్లో పనిచేసే సువార్తమ్మ. అంతమంది హక్కులకు సరిపడా టీ కాచేసరికి చర్చిలో ఆరాధన అయిపోయేది.

మొన్న ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆమె కూతురు గ్రేస్ తన కొడుక్కి బాప్తిస్మం పెట్టుకుంది. సువార్తమ్మ ఆ ఆదివారం సెలవు అడిగింది.

"సోమవారం తీసుకోమ్మా. వారానికో రోజన్నారు గానీ ఆదివారమే అని ఎక్కడా లేదు," అన్నారు మాష్టారు.

"సోమవారం దేవుడుంటాడు గానీ పాస్టరుగారు ఉండరు సార్."

మాష్టారు మెచ్చుకోలుగా నవ్వి పేపరు తిప్పారు. చెప్పకుండా మానేస్తే పని పోతుందని ఆమె భయం.

ఆ ఆదివారం ఒక కేసు గురించి అడుగుదామని నేనూ వెళ్లాను. మాష్టారు కళ్లజోడు తుడుచుకుంటూ వచ్చి కూర్చుని, "ముందెవరు?" అన్నారు.

"నేనే సార్."

ఆ గొంతుకి ఉలిక్కిపడి తలెత్తారు. తెల్లచీర కట్టుకుని, ఒళ్లో బైబిలు పెట్టుకుని, బెంచీ మీద అందరికంటే ముందు సువార్తమ్మ కూర్చుని ఉంది.

"ఏందమ్మా ఇది? టీ..."

"వరసలోనే కూర్చున్నా సార్. మా యజమాని ఆదివారం సెలవియ్యట్లేదు. ఇయ్యాలే నా మనవడి బాప్తిస్మం. ఏ చట్టం కింద అడగాలో చెప్తారని వచ్చా."

అలాంటి చట్టమేదీ లేదని ఆయనకు తెలిసినంత బాగా పల్నాడులో ఇంకెవరికీ తెలియదు. అయినా చెప్పక తప్పలేదు.

"చట్టం... మీ యజమాని వైపే ఉందమ్మా."

"మరి మీరు ఎవరి వైపు సార్?"

నాకు ఆయన మీద జాలేసింది, నవ్వూ వచ్చింది. రెండూ దాచుకోలేక నా చెప్పుల వంక చూశాను. మాష్టారు లేచి వంటింట్లోకి వెళ్లారు. గిన్నెలు దొర్లిన చప్పుడైంది. కాసేపటికి పాలు పొంగి మాడిన వాసన వచ్చింది.

సువార్తమ్మ చటుక్కున లేచి వంటింటి వైపు నడిచింది. పక్కనే కూర్చున్న మిర్చి కూలీ జైనాబ్ బీ ఆమె చెయ్యి పట్టి ఆపింది.

"యాడికే? మాడితే మాడనీ, మేం తాగుతాంలే. నువ్వు పో, పిల్లోడికి నీళ్లు చల్లే టైమవుద్ది."

సువార్తమ్మ వెళ్లింది. గేటు దాటేదాకా వంటింటి వైపు చూస్తూనే వెళ్లింది.