ఫ్రాన్సమ్మ గిన్నె, మా అత్త ఈత

ఆ రోజుల్లో నా దగ్గర ఉద్యోగం లేదు గానీ, సలహాలు మాత్రం పుష్కలంగా ఉండేవి. డిగ్రీ అయిపోయింది. బస్తర్‌లో జగదల్‌పూర్ దగ్గర మేనమామ ఇంట్లో మకాం పెట్టి, పోటీ పరీక్షలకు చదువుతున్నానని అందరికీ చెప్పుకుంటూ, రోజంతా ఫోనులో విదేశాల ఇళ్ళు చూస్తుండేవాణ్ణి. (పరీక్షలకు చదివేవాడికి విదేశాల ఇళ్ళతో పనేమిటని మీరు అడగవచ్చు. మామయ్య కూడా అడిగాడు.) ఫ్రాన్సులో, ఇటలీలో పల్లెటూళ్ళ పొలాల మధ్య పెంకుటిళ్ళు, ప్రతి ఇంటి ముందూ నీలంగా ఒక ఈతకొలను. సెలవులకు వచ్చినవాళ్ళు ఇల్లు వారానికి అద్దెకు తీసుకుని, సంతలో కూరగాయలు కొనుక్కుని, వాళ్ళ వంట వాళ్ళే వండుకుని, ఈత కొట్టుకుని వెళ్ళిపోతారట. ఈ ముక్క చదివిన రోజున నాకు మామయ్య భవిష్యత్తు కళ్ళకు కట్టినట్టు కనిపించింది. నా భవిష్యత్తు ఎందుకు కనిపించలేదో మరి తెలియదు.

మామయ్య బచేలి గనుల్లో డంపరు లారీ నడిపి రిటైరయ్యాడు. తీరథ్‌గఢ్ జలపాతానికి పోయే దారిలో కొంచెం పొలం కొని, అందులో తమకొక ఇల్లు, పక్కనే అద్దెకని ఇంకొక ఇల్లు కట్టాడు. ఆ రెండో ఇల్లు తాళంతోనే ఉండేది. "పూల్ కట్టు మామయ్యా, ఇంకేమీ అక్కర్లేదు, ప్రపంచమే నడిచి వస్తుంది" అన్నాను. పాపం, కట్టేశాడు. మనిషి ఛాతీ దాకా లోతుండే కొలను, అడుగున నీలం పలకలు. దారిన పోయేవాళ్ళు సైకిలు ఆపి, "చేపలు పెంచుతారా" అని హిందీలోనూ హల్బీలోనూ అడిగి పోయేవాళ్ళు. అత్త అయితే దాని దగ్గరకే వచ్చేది కాదు. ఒక మూల కర్ర పాతి దిష్టి గుమ్మడికాయ కట్టించి, దూరం నుంచే దణ్ణం పెట్టేది. ఏడాది గడిచింది. ప్రపంచం నడిచి రాలేదు. కప్పలు వచ్చాయి. మామయ్య అన్నం తింటూ నావైపు చూసే చూపు మాత్రం రోజురోజుకీ పొడవవుతూ వచ్చింది.

అలాంటి సమయంలో నేను ఫోనులో పెట్టిన ఇంటి ప్రకటన చూసి, ఫ్రాన్సు నుంచి ఒక జంట వారం రోజులకు ఇల్లు కావాలని రాసింది. బస్తర్ సంతలు, ఇత్తడి బొమ్మలు, జలపాతాలు చూడటానికి వస్తున్నారట. ఆ వారం బాగా జరిగి, వాళ్ళు నాలుగు మంచి మాటలు రాస్తే మామయ్య ఇల్లు నిలబడుతుంది. లేకపోతే కొలనులో చేపలు వేసుకోవడమే. మామయ్య ఇంటికి సున్నం కొట్టించాడు. అత్త పిండివంటలు మొదలుపెట్టింది. అరిసెలు, చేగోడీలు, వారానికి సరిపడా రుబ్బిన పిండి. ఆవిడ అలా వండుతుంటే చూస్తూ కూర్చున్నాను తప్ప, ఇంటి ప్రకటనలో 'వంట మీరే చేసుకోవాలి, ఎవరూ మీ జోలికి రారు' అని నేను రాసిన సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. వాళ్ళు ఆ వాక్యం చూసే ఈ ఇల్లు తీసుకున్నారు.

వచ్చారు. ఆవిడకు అరవై ఉంటాయి. బక్కపలుచని మనిషి, తెల్లని పొట్టి జుట్టు, చకచకా నడక. అత్త ఆవిడకు మొదటి గంటలోనే 'ఫ్రాన్సమ్మ' అని పేరు పెట్టేసింది. భర్త ఎప్పుడూ మాట్లాడడు, నవ్వుతాడు, ఫొటోలు తీస్తాడు. ఆయనకు మామయ్య 'మౌనస్వామి' అని పేరు పెట్టాడు. మర్నాడు పొద్దున్నే అత్త పళ్ళెంలో ఇడ్లీలు, రెండు పచ్చళ్ళు పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఫ్రాన్సమ్మ రెండు చేతులూ జోడించి, చాలా మర్యాదగా తల అడ్డంగా ఊపింది.

"ఏటంతందిరా అల్లుడూ?" అంది అత్త.

"వాళ్ళ వంట వాళ్ళే వండుకుంటారట అత్తా."

"ఎందుకు? నాకు ఒంట్లో బాగులేదని సెప్పేవా?"

"లేదత్తా. వాళ్ళ దేశంలో సెలవులంటే అంతేనట. తనకి నచ్చింది సంతలో కొని తనే వండుకుంటేనే సరదాట."

అత్త పళ్ళెం వంక చూసుకుంది. "మన పెరట్లో దిగిన మనిషి పొయ్యి తనే ముట్టించుకుంటే, మనం బతికుండి ఏటి లాభం?" అని వెనక్కి తిరిగింది. (నా ఇంగ్లీషు సంగతి ఇక్కడ చెప్పాలి. అది కాలేజీలో వ్యాసాలు బట్టీ పట్టి నేర్చిన ఇంగ్లీషు. ఫ్రాన్సమ్మదీ పెద్దయ్యాక నేర్చుకున్న ఇంగ్లీషే. ఇద్దరికీ సరిగ్గా రాకపోవడం వల్ల ఒకరి మాట ఒకరికి భేషుగ్గా అర్థమయ్యేది.)

రెండు రోజులు మా ఇంట్లో చావు జరిగినట్టు ఉండింది. ఫ్రాన్సమ్మ సంతకు వెళ్ళి టమాటాలు, వంకాయలు, ఆకుదొన్నెలో ఎర్రచీమల పచ్చడి కూడా కొనుక్కొచ్చింది. కిటికీలోంచి తాలింపు లేని కూరల వాసన వస్తుంటే, అత్త కరివేపాకు చెట్టు పక్కన నిలబడి, "ఆవాలైనా ఎయ్యదేటిరా" అని బాధపడేది. మామయ్య నన్ను పక్కకు పిలిచి, "ఒరే, మీ అత్త అలిగితే ఆరు నెలలు. ఆళ్ళలిగితే ఇల్లే పోద్ది. ఏదో ఒకటి సెయ్యరా" అన్నాడు. నేను చేయగలిగింది ఏమీ లేదు. అత్తే చేసింది. మూడోరోజు మధ్యాహ్నం ఒక స్టీలు గిన్నెలో పులిహోర పెట్టి, "ఇది బోజనం కాదు, రుసి సూడ్డానికని సెప్పు" అంటూ నా చేతికిచ్చింది. వ్యాసాల ఇంగ్లీషులో ఆ తేడా ఎలా చెప్పానో నాకే గుర్తు లేదు. ఫ్రాన్సమ్మ తీసుకుంది.

సాయంత్రం ఆ గిన్నె తనే పట్టుకొచ్చింది. కడిగిన గిన్నె కాదు, నిండు గిన్నె. అందులో వంకాయ, టమాటా, గుమ్మడికాయ ముక్కలు నూనెలో మెత్తగా మగ్గించిన కూర. అత్త గిన్నె మూత తీసి, నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "కాళీ గిన్ని తిరిగివ్వకూడదని ఆవిడికెవులు సెప్పేరురా?"

అడిగాను. "మా అమ్మ చెప్పింది" అంది ఫ్రాన్సమ్మ.

అంతే, యుద్ధం మొదలైంది. నిండుగా వచ్చిన గిన్నెను అత్త మాత్రం ఖాళీగా పంపుతుందా? మర్నాడు బొబ్బట్లు వెళ్ళాయి. పలచని తీపి అట్లు తిరిగొచ్చాయి. (అత్త ఒకటి కొరికి, "ఇది మన అట్టే. రెండో పక్క కాలలేదు" అని తీర్పు చెప్పి, మూడు తింది.) గోంగూర పప్పు వెళితే, పాలల్లో ఉడికించిన బంగాళాదుంపలొచ్చాయి. ఆఖరికి ఆమ్లెట్టు మడతలో ఎర్రచీమల పచ్చడి పెట్టి పంపింది. ముప్పై ఏళ్ళుగా బస్తర్‌లో కాపురముంటూ, అత్త ఏనాడూ ఆ చీమల పచ్చడి ముట్టలేదు. ఎక్కడో సముద్రాల అవతలి మనిషి తినగా లేనిది తానెందుకు తినలేనని కళ్ళు మూసుకుని నోట్లో వేసుకుంది. అందరం ఆవిడ మొహమే చూశాం. "పులుపు బాగుంది" అంది. ఈ రాకపోకల్లో గిన్నె మోసింది నేను. అటు కొంత, ఇటు కొంత రుచి చూసి, ఆ వారంలో నా ప్యాంటు గుండీ పట్టకుండా పోయింది. మౌనస్వామి పరిస్థితీ అదే అయ్యుంటుంది, ఆయన చెప్పడు కాబట్టి తెలియలేదు.

వెళ్ళడానికి రెండు రోజులుందనగా అత్త గిన్నె నిండా పాయసం పోసి, ఈసారి తనే తీసుకెళ్ళింది. ఫ్రాన్సమ్మ కొలను గట్టున తడిబట్టలతో కూర్చుని ఉంది. గిన్నె అందుకుని, ఒక చెంచా తిని, కళ్ళు మూసుకుని, నాతో ఇలా అంది: "దీనికి సరిపడే వంట నాకు రాదు. నేను ఓడిపోయాను. కానీ గిన్నె ఖాళీగా ఇవ్వలేను. నాకు వంట కాక వచ్చింది ఒక్కటే, ఈత. మీ అత్తను నీళ్ళలోకి రమ్మను."

నేను తెలుగులో చెప్పాను. అత్త ఒకడుగు వెనక్కి వేసింది. "నానా? నీట్లోకా? సాల్లే."

"భయమా అని అడుగుతోంది అత్తా."

 అత్త గట్టుకు కొంచెం దూరంగా పీట వేసుకుని కూర్చుని చెప్పింది. ఆవిడ పుట్టింది నాగావళి ఒడ్డున, మా అమ్మ వాళ్ళ ఊళ్ళోనే. అన్నదమ్ములు, పినతండ్రి కొడుకులు అందరూ ఏట్లో పడి ఈదేవాళ్ళు. ఆడపిల్ల కాబట్టి ఆవిణ్ణి మోకాలి లోతు దాటనిచ్చేవాళ్ళు కాదు. "నన్ను గట్టు మీద కూకోబెట్టి, మా బట్టలు సూడవే అనీవోరు. నాను సూసీదాన్ని. ఆళ్ళు ఏటి మజ్జికెల్లి నవ్వుతా ఉంటే, ఆ సొక్కాలన్నీ ఏట్లో ఇసిరీయాలనిపించీది. ఒక్కనాడూ ఇసరలేదు."

ఆ మాటలు నేను ఇంగ్లీషులోకి మార్చడానికి చాలా సేపు పట్టింది. ఫ్రాన్సమ్మ అంతా విని, చెయ్యి చాచింది.

ఇక చీరతో దిగితే కాళ్ళకు చుట్టుకుంటుందని ఫ్రాన్సమ్మ ససేమిరా అంది. అత్త ఇంట్లోకి వెళ్ళి మామయ్య పాత ట్రాక్ ప్యాంటు, గనిలో భద్రతా వారోత్సవాలకు ఇచ్చిన పసుపు టీషర్టు వేసుకుని వచ్చింది. వీపు మీద హిందీలో 'సురక్షా సర్వోపరి' (అన్నిటికన్నా భద్రతే ముఖ్యం) అని పెద్ద అక్షరాలు. మామయ్య చూసి నవ్వబోయి, అత్త మొహం చూసి, దగ్గుగా మార్చుకున్నాడు. అత్త మెట్టు మెట్టుకీ ఒక దేవుణ్ణి పిలుస్తూ దిగింది. నేను గట్టు మీద నిలబడి తెలుగు చేస్తున్నాను.

"మెడ బిగించకుండా వదిలెయ్యమంటోంది అత్తా."

"వొదిలీసేను."

"గాలి మెల్లగా వదలమంటోంది."

"అదెప్పుడో పోయింది. ఇంకేటి వొదలమంతాది?"

"భయం వదలమంటోంది."

"అది దాని మొగుడికి సెప్పమను" అంటూ అత్త ఆవిడ మెడ గట్టిగా పట్టుకుంది. ఆ వాక్యం నేను తర్జుమా చెయ్యలేదు. ఫ్రాన్సమ్మ మాత్రం పకపకా నవ్వింది. ఇద్దరూ అప్పటికే నేను అక్కర్లేని భాషలో మాట్లాడుకుంటున్నారు. నాకది తెలియక ఇంకా అరుస్తూనే ఉన్నాను. ఫ్రాన్సమ్మ అత్త నడుం కింద రెండు చేతులూ పెట్టి వెల్లకిలా పడుకోబెట్టింది. నీళ్ళు అత్త చెవులు మూసేశాయి. ఇక నా మాట ఆవిడకు వినిపించదు. కాసేపటికి ఫ్రాన్సమ్మ ఒక చెయ్యి తీసింది. తర్వాత రెండో చెయ్యి కూడా తీసి, మాకు చూపించడానికి గాలిలోకి ఎత్తింది. అత్త మునగలేదు. సాలచెట్ల మీదుగా పోతున్న మబ్బుల్ని చూస్తూ, చేతులు చాపి, పసుపు టీషర్టులో ఒక పెద్ద పువ్వులా తేలుతూ ఉంది. దారిన పోయేవాళ్ళు కంచె దగ్గర ఆగారు. ఈసారి చేపల సంగతి ఎవరూ అడగలేదు. మామయ్య మెల్లగా వచ్చి కొలను మెట్టు మీద కూర్చుని, చాలాసేపు కదలకుండా చూశాడు.

మర్నాడంతా అత్త నీళ్ళలోనే ఉంది. రెండిళ్ళలోనూ వంట మగవాళ్ళం చేశాం. ఎలా ఉందో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. వెళ్ళే రోజు పొద్దున అత్త కొలనుకు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు అడ్డంగా, కాళ్ళు తపతపలాడించుకుంటూ, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వెళ్ళి గోడ ముట్టుకుంది. మౌనస్వామి ఆ వారం మొత్తంలో మొదటిసారి నోరు తెరిచి, "బ్రావో" అన్నాడు. ఫ్రాన్సమ్మ ఆ ఇంటి గురించి తర్వాత రాసిన మాటల్లో కొలను లోతు, పరుపుల మెత్తదనం ఏమీ లేవు. అత్త గురించే రాసింది. దాని పుణ్యమాని ఆ ఇంటికి మళ్ళీ తాళం వెయ్యాల్సిన అవసరం రాలేదు. ఇప్పుడు గనుల టౌన్‌షిప్పుల ఆడవాళ్ళు ఆదివారాల్లో కార్లు మాట్లాడుకుని మా అత్త దగ్గర ఈత నేర్చుకోవడానికి వస్తున్నారు. వాళ్ళకీ ఆవిడ, "మెడ వొదిలీ, గాలి వొదిలీ" అనే చెబుతుంది.

ఆ వారం అయ్యాక నేను బస్సెక్కి బచేలిలో అమ్మానాన్నల దగ్గరకు వెళ్ళాను. వంటింట్లో పీట మీద కూర్చుని, అమ్మకు మొత్తం కథ చెప్పాను. అంటే నా ఇంగ్లీషు ఎంత ఉపయోగపడిందో, నేను లేకపోతే రెండు దేశాల మధ్య ఏం జరిగి ఉండేదో, ఆ కథ. అమ్మ కూర కలుపుతూ వింది. చివరికి ఒక్కటే అడిగింది.

"నీట్లో వొదిన నవ్విందేటిరా?"

నేను ఆలోచించాను. "నవ్వలేదమ్మా. గోడ ముట్టుకుని, ఊపిరి తీసుకుని, 'ఇంకోపాలి' అంది."

అమ్మ గరిటె పక్కన పెట్టేసి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ కిటికీ వైపు తిరిగి నిలబడింది. పాపం, పొయ్యి వేడి అనుకుని, నేను మళ్ళీ నా ఇంగ్లీషు దగ్గర నుంచి మొదలుపెట్టాను.