ఎనిమిది అడుగుల చెక్క గోడ

సహోదరులారా, అక్కలారా, నేను మాటల మనిషిని కాను, చెక్కపని మనిషిని, అయినా ప్రభువు నా ఇంటికి చేసిన మేలు చెప్పకుండా కూర్చుంటే అన్నం సహించదు కాబట్టి లేచాను. నేను తాగుబోతుగా బతికిన రోజులవి. మహబూబాబాద్‌లో రైలు గేటు అవతల ఒక రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని, ముందు భాగంలో నా భార్య సుగుణ కుట్టుమిషను, వెనుక నా రంపం, ఇద్దరి పనీ ఒక్క కప్పు కిందే నడిచేది. ఆ టేకుపొట్టు వాసన, రైలు పోతే రేకులు గలగలమనడం, ఆమె మిషను చప్పుడు, ఇప్పుడు తలుచుకుంటే ప్రాణం లాగుతుంది. అప్పుడు నాకవేవీ పట్టేవి కావు, ఎప్పుడు గొంతు తడుపుకుందామా అన్నదొక్కటే ధ్యాస!

ఆమె ఎదురుగా తాగడం కుదరక ఒక ఉపాయం పన్నాను. నీ జాకెట్ గుడ్డల మీద పొట్టు పడుతోంది, నడుమ అడ్డగోడ పెడతానన్నాను. షెడ్డు యజమాని గోడకు ఒక్క మొల కూడా కొట్టొద్దన్నాడు, అందుకని రెండు పక్క గోడల మధ్య అడ్డకర్రలు బిగించి, సందుల్లో చెక్క చీలికలు కొట్టి, వెనుక ఏటవాలు కర్రలు ఆనించి, ఒక పక్కన మనిషి పట్టే దారి వదిలి ప్లైవుడ్ షీట్లు నిలబెట్టాను. తన మీద నాకెంత పట్టింపో అనుకుని ఆమె రెండుసార్లు చాయ్ పెట్టింది, ప్రతి షీటుకూ అవతలి కొస తానే పట్టుకుంది. ఆ పూట ఆమె ముఖం గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో నా తల వాలిపోతుంది.

ఇక చూడండి, పొద్దున పదింటికే గోడ వెనుక చేరేవాణ్ణి. తాగిన మత్తులో నేను చేసిన దర్వాజాల మూలలు కలిసేవి కావు, ఒకసారి వేలు రంపానికి వెంట్రుకవాసిలో తప్పింది. సుగుణకు ఏమీ తెలియదనుకుని, నేనెంత తెలివిగలవాణ్ణో అని మురిసిపోయేవాణ్ణి. నా బుద్ధితక్కువ ఎంతంటే, షీటు ఎత్తు ఎనిమిది అడుగులు, రేకుల ఎత్తు పన్నెండు, పైన నాలుగు అడుగులు ఖాళీ! కళ్లకు అడ్డం కట్టాను గాని ముక్కుకూ చెవికీ కట్టలేదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం, ప్రార్థన మందిరం రేకులు మారుస్తున్నారని ఆడవాళ్ల ఉపవాస ప్రార్థన మా షెడ్డు ముందు భాగంలో పెట్టుకున్నారు. నేను గోడ వెనుక గ్లాసు నింపుకుని కూర్చున్నాను. పాటలయ్యాయి, ఒక్కొక్కరే ప్రార్థించారు, చివరికి సుగుణ గొంతు వినిపించింది. మీకు తెలుసు, మా ఊళ్లలో ఆడవాళ్లు భర్త పేరు పలకరు. పదకొండేళ్ల కాపురంలో 'ఇగో', 'పిల్ల నాయిన' అనడమే గాని నా పేరు ఆమె నోట నేను వినలేదు.

"ప్రభువా, గీ గోడ ఎనుక ఏముందో నాకు తెల్వదనుకుంటున్నడు, నాకెరుకే. ఎవల కోసం అడుగుతున్ననో నీకు జర తెలవాలె గదా, అందుకే పేరు చెప్తున్న. కొమురయ్య, తండ్రీ. నా కొమురయ్య. రేపు పిల్లను తీస్కొని లింగాల ఘనపూర్ మా అవ్వగారింటికి పోదామని బట్టలు సదిరిన. నన్ను పోనియ్యకు ప్రభువా. ఆయనను నాకియ్యి."

నా పేరు ఆ నాలుగు అడుగుల సందు మీదుగా వచ్చి నా మీద పడింది. గ్లాసు పొట్టులో ఒంపేశాను. గోడ పక్క నుంచి ఇవతలికి వచ్చి, అందరి వెనుక చెక్కల దొంతి మీద కూర్చుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాను. దేవునికే మహిమ! అంతటితో అయిపోయిందని అబద్ధం చెప్పను. ఒకసారి మళ్లీ జారాను, సుగుణే నన్ను దవాఖానకు తీసుకుపోయింది, మందులు వాడాను, నెలల తరబడి ప్రార్థనలో ప్రభువు కోసం కనిపెట్టుకుని ఉన్నాం. దేవుడు డాక్టరు చేతితోనూ పనిచేస్తాడు. సదిరిన బట్టలు మాత్రం ఆ శుక్రవారం సాయంత్రమే మళ్లీ దండెం మీదికెక్కాయి.

తరువాత చెల్పూర్ వైపు తలుపుల పని దొరికి భూపాలపల్లి వచ్చేటప్పుడు, ఆ గోడను విప్పి ట్రాలీలో వేసుకొచ్చాను. ఈ మందిరంలో చంటిపిల్లల తల్లులు కూర్చోవడానికి మూలన కట్టిన అడ్డం ఉందే, అవే షీట్లు, అదే ఎత్తు. పైన కూడా మూసెయ్యమని కొందరన్నారు, నేను ఒప్పుకోలేదు.

సుగుణ అదిగో, తల వంచుకుని నవ్వుతోంది. నా పేరు ఆమె ఇప్పటికీ పలకదు, ప్రార్థనలో తప్ప. ఆయన నన్ను ఆమెకు ఇచ్చాడు, ఆయనకే స్తోత్రం. ఇక్కడ నాలాంటివారు ఎవరైనా ఉంటే, ముందుకు రావడానికి సిగ్గుగా ఉంటే రాకండి తమ్ముళ్లారా, ఆ గోడ వెనుకే కూర్చోండి. మీ పేరు అక్కడికి కూడా వినిపిస్తుంది.