మొనదేలిన చెవుల పిల్లకి నామకరణం

మా అత్తగారు గొంతు తగ్గించారంటే నేను చెవులు రిక్కిస్తాను. ఇండియా నుంచి ఆరు నెలలకని అమెరికాలో, ఫ్రిస్కోలోని మా ఇంటికి వచ్చారు. ఆ శనివారం ఆవిడా, పదకొండేళ్ళ మా అమ్మాయీ డైనింగ్ టేబుల్ దగ్గర గుసగుసలాడుతున్నారు. ముందు పంచాంగం, పక్కన కాగితం నిండా ఆడపిల్లల పేర్లు. నన్ను చూడగానే ఆవిడ కాగితాన్ని పంచాంగం కిందకి తోశారు. రెండో బిడ్డ గొడవ మళ్ళీ ఎత్తబోతున్నారని నాకు ఒళ్ళు మండింది.

"ఎవరికండీ ఈ పేర్లు?"

"నా ఎల్ఫ్‌కి, అమ్మా," అంది మా అమ్మాయి. స్నేహితులతో పాచికలు వేస్తూ ఆడే కథల ఆటలో దాని పాత్రట. ఎల్ఫ్ అంటే అడవుల్లో ఉండే మాయాజాతి పిల్లట; చెవులు మొనదేలి ఉంటాయి, వయసు మూడు వందల ఏళ్ళు. "ఎల్ఫ్ నేమ్ లాంగ్‌గా, సాఫ్ట్‌గా ఉండాలి. నానమ్మ స్టార్ చూసి ఫస్ట్ లెటర్ చెప్పింది."

"పుట్టినరోజే తెలియనిదానికి నక్షత్రం ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?" నేను వదల్లేదు.

"మన పిల్ల పుట్టినరోజే దానికీ వేశాంలే," అన్నారు అత్తగారు, నా వైపు చూడకుండా.

మధ్యాహ్నం మా హాల్లో ఆట మొదలైంది. నలుగురు అమెరికన్ పిల్లలు ఎల్ఫ్‌కి పెట్టిన ఐదక్షరాల పేరుని ఒక్కసారి విని, తడబడకుండా పిలిచారు. వంటింట్లో ఉన్న నాకూ వినబడింది. మా అమ్మాయి పుట్టినప్పుడు దానికి పెట్టమని అత్తగారు ఫోన్లో చెప్పిన పేరే అది. ఇక్కడివాళ్ళకి నోరు తిరగదని నేనే వద్దన్నాను.